తారీఖు లేని వీడియోను నమ్మొద్దు, పంపొద్దు

ఈ వానాకాలం సిద్దిపేట జిల్లా ప్రజలందరికీ ఒక హెచ్చరిక. మీ ఫోన్‌కు వచ్చే వీడియోలో కనిపించేది నిజంగా జరిగిందే కావొచ్చు. నీళ్లు నిజం, ఏడుపులు నిజం, కూలిన గోడ నిజం. జరిగింది మాత్రం ఇవాళ కాదు. ఐదేళ్ల కిందనో పదేళ్ల కిందనో, ఎక్కడో జరిగినదాన్ని తీసుకొచ్చి, పైన "ఇప్పుడే" అని రాసి మన చేతిలో పెడుతున్నారు. పూర్తిగా అల్లిన అబద్ధమైతే ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుంది. ఇందులో అతుకు లేదు. కంటితో చూసిందాన్ని మనసు కాదనలేదు. అందుకే ఇది ప్రాణాలు తీసింది. మన రాష్ట్రంలోనే తీసింది.

2018 మే నెల గుర్తుందా? బయటి రాష్ట్రాల నుంచి ముఠాలు దిగాయని, పిల్లల్ని ఎత్తుకుపోయి కిడ్నీలు అమ్ముకుంటున్నాయని తెలంగాణ పల్లెల్లో పుకారు పాకింది. మగవాళ్లు కర్రలు పట్టుకుని తెల్లవార్లూ ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. ఆ నెలలోనే యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలో, నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలంలో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపుల చేతుల్లో మనుషులు చనిపోయారు. చాంద్రాయణగుట్టలో చనిపోయింది భిక్షాటన చేసుకునే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. జూలై 1న మహారాష్ట్రలోని ధూలె జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలోకి ఈడ్చుకెళ్లి కొట్టి చంపారు. ఆ నెల మధ్యలో మన పొరుగునే ఉన్న బీదర్ జిల్లా ముర్కి దగ్గర ఒక హైదరాబాద్ యువకుడి ప్రాణం పోయింది. అతనూ అతని స్నేహితులూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. గుంపుకు ఆ సాక్ష్యం సరిపోయింది.

ఆ పుకారుకు రుజువుగా ఫోన్లలో తిరిగిన బొమ్మలు ఎక్కడివో ఇప్పుడు అందరూ తెలుసుకోవాలి. ఒక వీడియోలో తెల్లబట్ట చుట్టిన పసిపిల్లల శవాలు వరుసగా ఉంటాయి. కిడ్నీలు తీసిన పిల్లలని దాని కింద రాశారు. ఆ పిల్లలు 2013 ఆగస్టులో సిరియా దేశంలోని గౌతాలో విషవాయువు దాడికి బలైనవాళ్లు. ఇంకో వీడియోలో మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో 2016లో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లాణ్ని దింపుతారు, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్టను చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కోసేశారు. మొదటిది ఐదేళ్ల పాతది, రెండోది రెండేళ్ల పాతది. సిరియా తల్లుల కడుపుకోత 2018లో మన దేశంలో అమాయకుల్ని చంపే ఆయుధమైంది. వీడియో చూసిన వాళ్లలో ఒక్కరైనా "ఇది ఎప్పటిది?" అని నిలదీసి ఉంటే ఎన్ని కర్రలు కింద పడేవో!

ఇలా ఒక కాలానికి చెందినదాన్ని మరో కాలంలో పెట్టడానికి మన అలంకారశాస్త్రంలో కాలవిరోధం అని పేరుంది. ఏడో శతాబ్దం నాటి దండి తన కావ్యాదర్శంలో పది కావ్యదోషాలు చెబుతూ దేశవిరోధం పక్కనే దీన్నీ చేర్చాడు. ఆయన లెక్కలో కాలమంటే రాత్రి, పగలు, రుతువులు. రాత్రిపూట తామర విచ్చుకుందని కవి రాస్తే అది కాలవిరోధం. ఇవాళ మనం ఆ మాటను రోజులకూ ఏళ్లకూ యుగాలకూ కలిపి వాడుకోవచ్చు. దీన్ని కాలదోషంతో కలిపేయకూడదు. కాలదోషం పట్టిందంటే గడువు తీరి చెల్లకుండా పోయిందని. ప్రాంసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుందని ఊళ్లో అప్పు ఇచ్చే ప్రతి మనిషికీ తెలుసు. నోటు మీద తారీఖు చూడకుండా ఎవరూ పైసలు ఇవ్వరు. ప్రాణాల మీదికి తెచ్చే వీడియోకు మాత్రం తారీఖు అడగరు.

దండి మరో మాట కూడా చెప్పాడు. కవి నేర్పు ఉంటే ఇలాంటి విరోధాలు కూడా ఒక్కోసారి గుణాలవుతాయని. దానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాల్లో పురాణ పాత్రలు తెలంగాణ పల్లె మనుషుల్లా ధోవతులు, చీరలు కట్టుకుని కనిపిస్తారు. పటం విప్పి కథ చెప్పేవాళ్లకు అది తెలుసు, ముందు కూర్చుని వినేవాళ్లకూ తెలుసు. అక్కడ ఎవరూ మోసపోవడం లేదు. దూరపు కథ తన ఊరి కథైందని జనం సంతోషిస్తారు. గీసినవాడికీ చూసేవాడికీ మధ్య ఉన్న ఆ ఒప్పందమే కళ. ఫోన్‌లో వచ్చే పాత వీడియో విషయంలో ఆ ఒప్పందం లేదు. పెట్టినవాడికి తెలుసు, చూసేవాడికి తెలియదు. నేను హెచ్చరిస్తున్నది దీని గురించే.

ఇలాంటి వీడియోలతో వచ్చే సందేశాల్లో మాటల పొందిక ఒకసారి గమనించండి. "ఇప్పుడే అందిన వార్త", "ఈరోజు ఉదయం", "రేపు బడులకు సెలవు", "ఈ రాత్రి ఎవరూ బయటికి రావద్దు." వీటిలో ఒక్కదాంట్లోనూ తారీఖు ఉండదు. "రేపు" అన్న మాట ఏ రోజు చదివితే ఆ రోజుకు రేపే. రెండేళ్ల కింద భారీ వర్షాలకు ఇచ్చిన సెలవు ప్రకటన ఈ ఆగస్టులో మీ ఫోన్‌కు వచ్చినా అది రేపటి గురించే చెబుతున్నట్టు ఉంటుంది. పిల్లలు బడి మానితే నష్టం ఒక రోజుతో పోతుంది. అదే పద్ధతిలో "కట్ట తెగింది" అని వస్తే?

మన జిల్లాకు ఆ భయం ఊరికే వచ్చింది కాదు. గత కొన్నేళ్లలోనే రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, మల్లన్నసాగర్ మన మధ్యకొచ్చాయి. మల్లన్నసాగర్ ఒక్కదాని సామర్థ్యమే 50 టీఎంసీలు. దాని కింద, కాలువల వెంట ఎన్ని ఊళ్లున్నాయో వేరే చెప్పక్కర్లేదు. 2020 జూన్ ఆఖరున కొండపోచమ్మ సాగర్ కాలువకు గండి పడి మర్కూక్ మండలం వెంకటాపూర్‌లోకి నీళ్లు వచ్చాయి. అది నిజంగా జరిగింది. అప్పుడు తీసిన వీడియోలు ఇప్పటికీ ఫోన్లలో ఉన్నాయి. హోరున వాన కురుస్తున్న ఒక అర్ధరాత్రి వాటిలో ఒకటి "ఇప్పుడే" అన్న మాటతో మళ్లీ బయలుదేరితే ముసలివాళ్లనూ పసిపిల్లలనూ ట్రాక్టర్లలో ఎక్కించుకుని చీకట్లో, నీళ్లు పొంగే కల్వర్టుల మీదుగా ఊళ్లు కదులుతాయి. వరద రాకముందే పుకారు మనుషుల్ని ముంచుతుంది. దీనికి రెండో వైపు ఇంకా భయంకరం. రెండుసార్లు పాత వీడియో చూసి పరుగెత్తి వెనక్కి వచ్చినవాళ్లు మూడోసారి నిజమైన హెచ్చరిక వచ్చినా ఇంట్లోంచి కదలరు.

ప్రపంచమంతటా ఇదే జరుగుతోంది. 2011 మార్చి 11న జపాన్‌ను ముంచిన సునామీ దృశ్యాలు ఆ తర్వాత ఏ దేశంలో సముద్రం పొంగినా కొత్తవిగా తిరుగుతున్నాయి. 2024 జనవరి 1న జపాన్‌లోనే నోటో ప్రాంతంలో భూకంపం వచ్చిన రోజున కూడా ఆ దృశ్యాలే అప్పటికప్పుడు తీసినవన్నట్టు చక్కర్లు కొట్టాయి.

పట్టుకోవడం ఎలా? పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కర్లేదు. ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే చాలు. పాత వస్తువు కొత్త రోజుల్లో కనిపించొచ్చు. కొత్త వస్తువు పాత రోజుల్లో కనిపించదు. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. అంతకు ముందు సిద్దిపేట మెదక్ జిల్లాలో, హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలో, చేర్యాల వరంగల్ జిల్లాలో ఉండేవి. సిద్దిపేట వైపు బండ్ల మీద ఒకప్పుడు మెదక్ జిల్లా ఏపీ 23 ఉండేది. జిల్లా వచ్చాక టీఎస్ 36 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 36 వేస్తున్నారు. సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటిదని చెప్పిన ఫోటోలో టీజీ నంబరు కనిపిస్తే అది అబద్ధమని చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. "ఇవాళ్టిది" అని వచ్చిన వీడియోలో ఒక్క టీజీ బండి కూడా లేకపోతే, దుకాణం బోర్డు మీద మెదక్ జిల్లా అని ఉంటే, జనమంతా మూతులకు మాస్కులు కట్టుకుని ఉంటే అనుమానించాలి. మాస్కుల గుంపు 2020, 2021 నాటిది కావడానికే ఎక్కువ అవకాశం.

ఇంతకంటే గట్టి ఆధారం మన రైతుల దగ్గర ఉంది. దండి చెప్పిన రుతువుల లెక్క వాళ్లకు పుస్తకం చదవకుండానే తెలుసు. శ్రావణంలో తీసినట్టు చెప్పే వీడియోలో వెనకాల పత్తిచేను తెల్లగా విచ్చుకుని ఉంటే అది శ్రావణం కాదు. రోడ్డు పక్కన మోదుగ చెట్టు ఎర్రగా పూసి ఉంటే అది వానాకాలం కానేకాదు. చెరువు నిండిందని చెబుతున్న చోట పొలంలో వరి కోతకొచ్చి పసుపెక్కి ఉంటే, జనం స్వెటర్లు వేసుకుని ఉంటే, ఎక్కడో తేడా ఉంది. కాబట్టి వీడియో రాగానే జనం ముఖాలు కాదు, వాళ్ల వెనకాల ఉన్న చెట్టూ చేనూ చూడండి. మోసం చేసేవాడు ముందున్నదాన్ని చూసి ఎంచుకుంటాడు. వెనకాల ఏముందో వాడికి పట్టదు.

ఇదే తారీఖుల మోసం కాగితం మీద జరిగితే భూమి పోతుంది. అది ఫోన్ మోసం కంటే నిదానంగా, నిశ్శబ్దంగా జరుగుతుంది. రిజర్వాయర్లు, రైలు వచ్చాక మన జిల్లాలో ఎకరం ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం 2014 జూన్ 2ను గడువుగా పెట్టింది. అంతకుముందు జరిగిన కొనుగోళ్లకే అది వర్తిస్తుంది. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. పేద రైతుకు ఇది న్యాయమే. అయితే ఒక తారీఖు మీద లక్షల రూపాయల భూమి ఆధారపడినప్పుడు ఆ తారీఖును వెనక్కి జరిపి రాసే ఆశ పుడుతుంది. మీ తాత పేరున ఉన్న చెలక మీద ఎవరైనా పాత కాగితం తెచ్చి చూపిస్తే సంతకం ఒక్కటే చూసి కుంగిపోకండి. కాగితంలో రాసిన ప్రతి మాటకూ పుట్టిన తేదీ ఉంటుంది.

2012లో రాసుకున్నదని చెప్పే కాగితంలో "సిద్దిపేట జిల్లా" అని ఎలా ఉంటుంది? అదే తారీఖున "మర్కూక్ మండలం", "రాయపోల్ మండలం" అని ఎలా రాస్తారు? ఆ మండలాలు వచ్చిందే 2016లో. 2009 నాటి ఒప్పందంలో సాక్షి ఆధార్ నంబరు ఉండదు, మొదటి ఆధార్ 2010 సెప్టెంబరులో ఇచ్చారు. అడ్డగీతలతో ఉన్న కొత్త రూపాయి గుర్తును కేంద్రం 2010 జూలైలో ఆమోదించింది. అంతకు ముందు టైపు చేసిన కాగితంలో అది కనిపించడానికి వీల్లేదు. ఇలాంటిది ఒక్కటి దొరికినా కాగితం నకలు తీసుకుని వెంటనే వకీలును కలవండి. పంచాయితీల్లో పెద్దమనుషుల ముందు తొందరపడి రాజీకి ఒప్పుకోవద్దు.

ఇలా పట్టుబడ్డ దొంగకాగితాలకు పెద్ద చరిత్ర ఉంది. నాలుగో శతాబ్దపు రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన పడమటి రాజ్యాన్ని పోపుకు రాసిచ్చాడని చెప్పే ఒక శాసనాన్ని ఐరోపాలో వందల ఏళ్లు నమ్మారు. 1440లో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు దాన్ని ఒక్కో మాటగా విడదీసి చూసి, ఆ కాలంలో రోమ్‌లో వాడని పదాలు అందులో ఉన్నాయని చూపించాడు. 2017లో పాకిస్తాన్ ప్రధాని కుటుంబం మీద జరిగిన విచారణలో 2006 ఫిబ్రవరి తారీఖు వేసిన ఒక పత్రం బయటికొచ్చింది. దాన్ని టైపు చేసింది కాలిబ్రి అనే అక్షరాల్లో. ఆ అక్షరాలు సాధారణ జనం కంప్యూటర్లలోకి వచ్చింది 2007లో. చక్రవర్తి పేరుతో రాసినా, ప్రధాని ఇంటి నుంచి వచ్చినా, కాగితాన్ని పట్టించింది కాలమే.

మళ్లీ ఫోన్ల సంగతికి వస్తే, ఇప్పుడు తిరకాసు మరో వైపు నుంచి కూడా వస్తోంది. పాతదాన్ని కొత్తదని చెప్పడం ఒక ఎత్తు. కృత్రిమ మేధతో ఇవాళ తయారుచేసిన బొమ్మను నలుపు తెలుపులో ముంచి పాత ఫోటో అని పంచడం ఇంకో ఎత్తు. నిజాం మీద సాయుధ పోరాటం జరిగిన కాలం మన జిల్లాకు పచ్చిగాయం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు ఊరి మీద పడి మనుషుల్ని వరుసగా నిలబెట్టి కాల్చారు. ఊరివాళ్లు చివరిదాకా ఏ బురుజు మీది నుంచి ఎదురుకాల్పులు జరిపారో ఆ బురుజు ఇంకా నిలబడి ఉంది. ఆ అమరుల కోసం యంత్రం గీసిన బొమ్మ ఎవరికీ అక్కర్లేదు. వేరే ఊరి, వేరే ఏడాది ఫోటోను తెచ్చి బైరాన్‌పల్లి అని పెడితే అది వాళ్లకు నివాళి కాదు, అవమానం. ఒక్క దొంగ ఫోటో బయటపడిన రోజున, అసలు అలాంటిదేమీ జరగలేదని వాదించేవాళ్లకు మనమే నోరు ఇచ్చినట్టవుతుంది. పోరాట వారసులమని చెప్పుకునే పార్టీలు, సంఘాలు సెప్టెంబరులో ఆ పోరాట స్మరణ పోస్టర్లు వేసేముందు ఈ మాట తప్పకుండా ఆలోచించాలి.

ఇక తక్షణం చేయాల్సినవి. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వీడియో మీ ఊరి గ్రూపులో పడితే దాన్ని ఇంకొకరికి పంపకండి. పెట్టినవాణ్ని ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పటిది అని అందరి ముందే అడగండి. ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషి మీద అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయండి, పిల్లల విషయమైతే 1098 ఉంది. చెయ్యి మాత్రం ఎత్తకండి. 2018లో చచ్చిపోయినవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. అడుక్కునేవాళ్లు, సంచార జాతులవాళ్లు, దారిన పోయేవాళ్లు, స్థానిక భాష రానివాళ్లు. మన ఊళ్లకు బుడగ జంగాలు వస్తారు, గంగిరెద్దులవాళ్లు వస్తారు, ఇటుక బట్టీలకు ఒడిశా కూలీలు వస్తారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతరకు ప్రతి ఆదివారం ఎక్కడెక్కడి నుంచో వేలూ లక్షలూ జనం వస్తారు. పట్నం వారం నాడు ఆ తొక్కిడిలో పిల్లలు తప్పిపోవడం, వాళ్లను తెలియనివాళ్లు చేయిపట్టుకుని తీసుకొచ్చి అప్పగించడం జాతరల్లో మామూలే. అలాంటి మంచి మనిషి మీద ఆ పూటే ఒక పాత వీడియో చూసిన గుంపు పడితే ఎవరు ఆపుతారు?

ఆపిన జిల్లా ఒకటుంది. 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పుకార్లు పాకుతున్నాయని తెలిసిన వెంటనే తన పోలీసుల్ని ఊరూరికీ పంపారు. దాదాపు 400 గ్రామాల్లో కానిస్టేబుళ్లు ఇంటింటికీ తిరిగారు, డప్పు కొట్టించారు, జానపద పాటలు కట్టించి పాడించారు. గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు కూడా చేరి, వచ్చిన వీడియోలకు అక్కడికక్కడే జవాబు చెప్పారు. ఆ ఏడాది రాష్ట్రంలోని వేరే జిల్లాల్లో ప్రాణాలు పోయినా ఆ జిల్లాలో పుకారు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ఫార్వర్డ్ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పోకుండా వాట్సాప్ మన దేశంలో హద్దు పెట్టింది కూడా ఆ చావుల తర్వాతే, 2018 జూలైలో. ఆ హద్దు మంచిదే గానీ, ఒక ఊరిని పరుగెత్తించడానికి ఒక్క గ్రూపు చాలు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "నేను తయారు చేయలేదు, వచ్చింది పంపాను" అని చాలామంది తప్పించుకోవచ్చనుకుంటున్నారు. జనంలో భయం పుట్టించే తప్పుడు సమాచారాన్ని వ్యాప్తి చేయడం భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద నేరం. విపత్తు గురించి తప్పుడు హెచ్చరికతో జనాన్ని బెంబేలెత్తిస్తే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా జరిమానా. గ్రూపుల అడ్మిన్లు, ముఖ్యంగా ఊరి పేరుతో, కులసంఘం పేరుతో గ్రూపులు నడిపేవాళ్లు, తారీఖు లేని వీడియోను గ్రూపులో ఉంచకుండా వెంటనే తీసేయాలి.

తప్పంతా జనానిదే అనడం న్యాయం కాదు. అధికారుల నుంచి వచ్చే సందేశాల్లోనూ తారీఖు చాలాసార్లు ఉండదు. "రేపు ఉదయం గేట్లు ఎత్తుతున్నాం, దిగువ గ్రామాలు అప్రమత్తంగా ఉండాలి" అని బొమ్మ తయారుచేసి వదిలేస్తే, వచ్చే ఏడు అదే బొమ్మ పుకారై తిరుగుతుంది. కలెక్టరేట్ నుంచి, నీటిపారుదల శాఖ నుంచి, విద్యాశాఖ నుంచి వెళ్లే ప్రతి ప్రకటనలో మొదటి వరుసలోనే తారీఖు, వారం, గంట పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ ప్రకటన ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా అందులోనే రాయాలి. రిజర్వాయర్ల కింది ప్రతి పంచాయతీలో రాత్రిపూట ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు, నంబరు గోడ మీద రాయించాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. తదుపరి భారీ వర్ష సూచన రాకముందే, ఈ వారంలోనే జరగాలి.